తెల్లమట్టి ఊరు

నా చిన్నప్పుడు నాకు క్షుణ్ణంగా తెలిసిన ఊళ్ళు రెండే. ఒకటి మా ఊరు. మాచర్ల నుంచి దుర్గి వెళ్ళే దారికి లోపలగా, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. రెండోది ఫ్రాన్సు దేశంలో ఒక చిన్న పల్లె. దాన్ని నేను ఆనాడూ చూడలేదు, ఈనాటికీ చూడలేదు. అయినా నన్ను కళ్ళకు గంతలు కట్టి అక్కడ దింపితే, ఏటి చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో విని గుడికి దారి పట్టుకోగలను. అంత బాగా నేర్పాడు మా తాతయ్య.

మా పేటలో అప్పటికి ఆడపిల్లలను బడికి పంపే అలవాటు లేదు. నాకు అక్షరాలు, జపాలు, కూడికలు అన్నీ నేర్పింది తాతయ్యే. పొద్దున్నే మరియమ్మ తల్లి పటం ముందు జపమాల చెప్పుకున్నాక నన్ను పెరట్లోకి తీసుకువెళ్ళేవాడు. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నాపరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చిన గోడ ఉండేది. ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని పాఠం చెప్పేవాడు. పెరట్లో వేపచెట్టు కింద నీడ ఉండగా, ఎండలో ఆ గోడ దగ్గరే ఎందుకు కూర్చుంటాడని నాకు చాలాకాలం తోచలేదు.

మొదటి యుద్ధంలో తాతయ్య కూలీల పటాలంతో ఫ్రాన్సు వెళ్ళి వచ్చాడు. ఆయన ఎరిగిన భూగోళమంతా ఆ పల్లెలోనే ఉంది. పుల్లతో నేలమీద వంకరగా ఒక గీత గీసేవాడు. అది ఏరు. మన నాగులేరులా ఉరకదట, బద్ధకంగా పారుతుందట, ఒడ్డునంతా తుంగ, బురద, ఆ బురదలో పాముల్లాంటి చేపలు. ఏటిమీద నీటితో తిరిగే పిండిమర. మరకు ఎగువన చాకిరేవు, దానికి పైన పెంకుల కప్పు, వానొచ్చినా ఆడవాళ్ళు తడవకుండా బట్టలు ఉతుక్కోవచ్చు. దిగువన రాతి వంతెన. ఇవతల ఒడ్డున మిట్టమీద గుడి, గుడి చుట్టూ సమాధులు, సమాధుల చుట్టూ ఊరు. మన సరుగుడు చెట్లలా నిలువుగా ఎదిగే చెట్లు బాట పొడుగునా. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నాపరాతి ముక్క పెట్టేవాడు. ఆ నేల మాత్రం మనదానిలా నలుపు కాదు, సుద్దలాంటి తెలుపు. దున్నితే చాళ్ళు తెల్లగా వస్తాయట, వాన పడితే మనుషుల కాళ్ళు మోకాళ్ళదాకా సున్నం పూసినట్టు ఉంటాయట. ఆ ఊరి పేరు సగం ముక్కుతో, సగం గొంతుతో పలకాలి. తాతయ్యకు అది ఏ రెండు రోజులూ ఒకేలా వచ్చేది కాదు. అందుకని మేము తెల్లమట్టి ఊరు అనుకునేవాళ్ళం.

చరిత్ర పాఠం ఇంకా తేలిక. గుడి అని పెట్టిన రాయిని కాలితో తోసేవాడు. ఎప్పుడో రాజుల కాలంలో తగలబడిందని అర్థం. నేను మళ్ళీ నిలబెట్టాలి. మరను తోసేవాడు. మహమ్మారి వచ్చి ఊరు పాడుపడింది. మళ్ళీ నిలబెట్టాలి. గుర్రాలమీద శత్రువులు వచ్చారని చాకిరేవును, వంతెనను కలిపి తోసేవాడు. మన కారెంపూడిలో అన్నదమ్ములు కొట్టుకున్నట్టే అక్కడా ఎవరో ఒకరు కొట్టుకుంటూనే ఉన్నారట, ఆ ఊరు మాత్రం మళ్ళీ మళ్ళీ లేచిందట. నేను విసుక్కుంటే నవ్వేవాడు. "పడేసేవాడికి ఒక కాలు చాలమ్మా. పేర్చేవాళ్ళకే రెండు చేతులు గావాలి" అనేవాడు.

ఆ పాఠంలో నాకు రెండు వింతలు ఉండేవి. మొదటిది, తాతయ్య పక్కనే ఉన్న నాకు చెప్పడానికి కేక వేసినంత గట్టిగా చెప్పేవాడు. రెండోది, వంతెన దాటగానే గొంతు దించేసేవాడు. వంతెన అవతల బాట మలుపులో ఎప్పుడూ రాయి పెట్టనిచ్చేవాడు కాదు. అక్కడేముందని అడిగితే, ఏమీ లేదని మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పి లేచిపోయేవాడు.

గోడ అవతల పక్కింటి అవ్వ ఉండేది. అవ్వ అని పిలిచేవాళ్ళమేగాని ఆమెకు అంత వయసు లేదు. బతుకు అలా చేసింది. ఆమె భర్త, మా తాతయ్య చిన్ననాటి స్నేహితులు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఒక కరువు సంవత్సరం, గంజికి కూడా జొన్నలు లేనప్పుడు, పటాలంలోకి మనుషులను తీసుకుంటున్నారని విని ఇద్దరూ కలిసి వెళ్ళారు. తాతయ్య ఒక్కడే తిరిగి వచ్చాడు. బావ చనిపోయాడని చెప్పాడు. ఎక్కడ పూడ్చారని అడిగితే మాత్రం నోరు విప్పలేదు. సర్కారు నుంచి వచ్చిన కబురులో కూడా ఆచూకీ లేదన్న ఒక్క మాటే ఉందట.

మా వాళ్ళకు సమాధుల పండుగ పెద్ద పండుగ. చేమంతులు పూసే కాలంలో వస్తుంది. ముందురోజు ప్రతి ఇంటి ఆడవాళ్ళూ సున్నం బాన, ఈతమట్ట చితగ్గొట్టి చేసిన కుంచె పట్టుకుని సమాధుల దొడ్డికి వెళతారు. తమ వాళ్ళ సమాధులకు తామే సున్నం కొట్టాలి. కూలికి ఇవ్వకూడదు, పొరుగువాళ్ళు చేయకూడదు. మర్నాడు పూలు పెట్టి వత్తులు వెలిగిస్తారు. ఆ రెండు రోజులూ అవ్వ ఇంట్లోనే ఉండిపోయేది. ఆమెకు పిల్లలు లేరు. అమ్మానాన్నలది వేరే ఊరు. సున్నం కొట్టుకోవడానికి ఆమెకు ఒక్క సమాధి లేదు.

సమాధి లేకపోతే లోకం ఊరుకుంటుందా? ఆయన చావలేదని, అక్కడే ఎవరినో కట్టుకుని హాయిగా ఉన్నాడని బావి దగ్గర మాటలు పుట్టాయి. ఒకసారి నేను బిందె పట్టుకుని నిలబడి ఉండగానే ఒకామె అంది: "తెల్లదొరసాని రొట్టె కాల్చి పెడతంటే, జొన్నసంగటి ఎందుకు గుర్తొచ్చిద్దే ఆ మనిషికి?"

అందరూ నవ్వారు. అవ్వ చేదను నింపాదిగా పైకి లాగి, బిందెలో వంచుకుంటూ జవాబు చెప్పింది. "పెడితే మంచిదేనే. తిననీ. ఆకలికి పోయినోడే గదా."

ఇంటికి వచ్చే దారిలో ఆమె నన్ను అడిగిన మాట ఒకటి నాకు గుర్తుంది. కడపటి దినాన బూర ఊదితే సమాధులు తెరుచుకుని మనుషులు లేస్తారని జపంలో చెబుతారు గదా, సమాధే లేనివాడు ఎక్కడినుంచి లేస్తాడే అని అడిగింది. లోకం అనే మాటలను ఆమె తోసేయగలిగేది. ఈ ఒక్క భయాన్ని తోసేయలేకపోయింది.

ఇలా ఉండగా ఒకరోజు పాఠంలో తాతయ్య నన్ను మర తరవాత ఏమి వస్తుందని అడిగాడు. నేను తడబడి గుడి అన్నాను. తాతయ్య నోరు తెరిచేలోపే గోడ అవతలినుంచి మాట వచ్చింది.

"గుడి గాదే పిచ్చిమొద్దూ. వంతెన. మరకి ఎగువ చాకిరేవు, దిగువ వంతెన. ఎన్నిసార్లు చెప్పాడే మీ తాత!"

నేను గోడ ఎక్కి తొంగి చూశాను. అవ్వ చాటలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఇవతల తాతయ్య, అవతల అవ్వ, ఇద్దరి వీపుల మధ్య ఒక్క నాపరాయి మందం. అప్పుడు నాకు తెలిసింది, ఆ పాఠం నాకు చెప్పేది కాదని. ఆమె ముందు కూర్చుని ఒక్క ముక్క చెప్పలేని మనిషి, మనవరాలికి పాఠం అనే మిషతో, ఆమె భర్త చివరిసారి నడిచిన నేలను ప్రతి ఉదయం గోడ మీదుగా ఆమెకు అందిస్తున్నాడు. ఆమె కూడా ఏమీ ఎరగనట్టే వింటోంది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మాత్రం తెలివి ఇచ్చిన దేవునికి స్తోత్రం. మర్నాటి నుంచి నేను కూడా గట్టిగానే జవాబులు చెప్పడం మొదలుపెట్టాను.

అప్పటికే రెండో యుద్ధం వచ్చి ఉంది. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు, జొన్నలు దొరకవు. మా ఊళ్ళో జపాలు చెప్పించే ఉపదేశిగారు ఎక్కడో పాత పత్రిక సంపాదించి తెచ్చి, గుడి అరుగుమీద కూర్చుని చదివేవారు. ఫ్రాన్సును జర్మనీవాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారని, ఇంకా వదలలేదని ఆయన చదివి చెప్పిన రోజు తాతయ్య ఇంటికి వచ్చి, నేను పేర్చి ఉంచిన ఊరినంతా చేత్తో కలిపేశాడు. నేను మళ్ళీ పేర్చబోతే ఆపాడు.

"ఈ పూటకి అట్టాగే ఉండనీ" అన్నాడు.

ఆ రోజే చెప్పాడు, ఆయన కళ్ళారా చూసిన ఊరు ఇలా ఉండదని. వాళ్ళ పటాలం చేరేసరికే ఫిరంగి గుండ్లకు అక్కడ ఒక్క కప్పు మిగలలేదట. గుడి మొండిగోడ, మర ఇరుసు, అంతే. పడిపోయిన తన ఇంటిముందు ఒక ముసలామె మాత్రం కదలకుండా ఉండేదట. వీళ్ళు ఆ బాటకు రాళ్ళు పరిచే పనిలో ఉంటే, ఆమె రోజూ సాయంత్రం తెల్లటి మట్టిగడ్డలు ఏరుకువచ్చి తన ఊరిని నేలమీద పేర్చేదట. ఇది మర, ఇది రేవు, ఇది మా ఇల్లు అని సైగలు. తోసేది, నిలబెట్టేది. ఆమె భాష వీళ్ళకు రాదు, వీళ్ళ భాష ఆమెకు రాదు. తాతయ్య, ఆయన బావ పని అయ్యాక ఆమె పక్కన కూర్చుని చూసేవాళ్ళట. మాకు వచ్చిన పాఠం ఆ తల్లి పెట్టిన భిక్షే. ఇదంతా కూడా తాతయ్య గట్టిగానే చెప్పాడు.

ఆ సంవత్సరం వానలు వెనకబట్టాయి. అవ్వకు దగ్గు పట్టుకుంది. మొదట మిరప ఘాటు అనుకున్నాం. తరవాత పైటచెంగుకు నెత్తురు అంటడం మా అమ్మ చూసింది. చేమంతులు మొగ్గ తొడిగే నాటికి ఆమె మంచం దిగలేని స్థితికి వచ్చింది. అప్పుడు ఉపదేశిగారిని పిలిపించుకుని ఒక్కటే అడిగింది. దొడ్లో ఏ మూలైనా సరే, తన భర్త పేరున ఒక రాయి పాతుకోనివ్వమని.

ఆయన చెడ్డ మనిషి కాదు. నులకమంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి చాలా ఇబ్బంది పడ్డారు. "నేనేం చేసేదమ్మా. బొంద లేకుండా గుర్తు ఎట్టా పెట్టేది? రేపు గుళ్ళో పూజ చెప్పడానికి స్వాములవారు వచ్చి ఇదేందని అడిగితే ఏం చెప్పేది? అసలు ఆ మనిషి పోయాడో, ఉన్నాడో..."

ఆ సగం మాట దగ్గర ఆగిపోయి, తల వంచుకుని వెళ్ళిపోయారు. అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. మా అమ్మ గంజి తెస్తే ముట్టలేదు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం, ఊరి ఆడవాళ్ళంతా సున్నం బానలతో సమాధుల దొడ్డికి పోతున్న వేళ, తాతయ్య తన రేకు పెట్టె తెరిచి ఏదో గుడ్డ మూట తీసి చంకలో పెట్టుకున్నాడు. నాపరాతి ముక్కలు నా ఒళ్ళో పోసి పద అన్నాడు. గోడ చుట్టూ తిరిగి, వాకిట్లోంచి అవ్వ ఇంట్లోకి వెళ్ళాం. తాతయ్య ఆ గడప తొక్కడం నేను చూడటం అదే మొదలు. అలికిన నేలమీద, ఆమె మంచం పక్కన, నన్ను ఊరు పేర్చమన్నాడు. ఏరు గీశాను. మర, చాకిరేవు, వంతెన, గుడి, సమాధులు. చెట్లబాట. అవ్వ పక్కకు ఒరిగి, కళ్ళతోనే నా చేతి వెంట నడిచింది. అంతా అయ్యాక అడిగింది.

"వంతెన దాటినాక ఏముందన్నా? అన్నీ చెప్పావు. ఆడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తావు. నాకు జబ్బేగాని చెవుడు రాలా."

తాతయ్య నేలమీద కూలబడ్డాడు. ఆయన చెప్పింది నేను ఆయన మాటల్లోనే చెబుతాను, నా మాటల్లో చెప్పే ధైర్యం నాకు లేదు. "మలుపులో రాళ్ళు పరుస్తన్నాం చెల్లీ. నేను నీళ్ళకని వంతెన ఇవతలికొచ్చా. వెనక గుండు పేలి నేల లేచింది. తిరిగి చూసేసరికి బావ నిలబడ్డ చోట గుంట. తెల్లగా, సున్నం గుంటలాగా. దాంట్లో ఏమీ లేదు. చేతులతో తోడా. ఏరుకోడానిక్కూడా ఏమీ లేదు చెల్లీ. ఏం జూపించి నీకు చెప్పేది?"

దూరంగా దొడ్డివైపు పోయే ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. తాతయ్య మూట విప్పాడు. గుప్పెడంత తెల్లటి మట్టిగడ్డ. పట్టుకుంటే వేళ్ళకు పొడి అంటింది. ఆ ముసలామె గుంటలోకి దిగివచ్చి, అడుగునుంచి ఆ గడ్డ పెళ్ళగించి, ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు తన రెండు చేతులతో మూసిందట. ఆ సాయంత్రం ఆమె తన ఊరు పేర్చినప్పుడు వంతెన అవతల కొత్తగా ఒక గడ్డ పెట్టిందట. ఆనాటినుంచి, వీళ్ళు అక్కడ ఉన్నన్నాళ్ళూ, అది పెట్టకుండా ఊరు ముగించలేదట.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు ఆ గడ్డను చూసి, "ఇన్నేళ్ళు ఇది నువ్వొక్కడివే మోశావా అన్నా?" అంది. అప్పుడు ఏడ్చింది మా తాతయ్య.

కొంతసేపటికి ఆమె తన భయం బయటపెట్టింది. ఏమీ మిగలని మనిషి కడపటి దినాన లేస్తాడా అని. తాతయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మొదటి మనిషిని దేవుడు దేంతో చేశాడు? మన్నుతోనే గదా. ఆయనకి మన్ను చాలు చెల్లీ."

ఆ గడ్డను దొడ్లో పూడ్చి సమాధి కట్టిద్దాం, ఇప్పుడు ఉపదేశిగారు కాదనలేరు అంది, గంజి తెచ్చి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న మా అమ్మ. అవ్వ తల అడ్డంగా ఊపింది. పూడిస్తే మళ్ళీ చేతికి ఏం మిగులుతుందని అడిగింది. ఇన్ని పండుగలకు తన చేత్తో సున్నం కొట్టుకునే భాగ్యం లేకపోయిందని, ఈ ఒక్కసారికి ఆ గడ్డతోనే కొట్టుకుంటానని చెప్పి నావైపు తిరిగింది.

"ఏమే పిల్లా, మన గోడలోంచి ఒక రాయి తీసుకురా. మీ తాత వీపు ఆనిచ్చే చోటుది."

తీసుకువచ్చాను. మా అమ్మ గడ్డను సన్నికల్లుమీద నూరి, మూకుడులో నీళ్ళతో కలిపింది. అవ్వను లేపి కూర్చోబెట్టి, నేను వెనకనుంచి పట్టుకున్నాను. ఆమె ఎముకలు నా చేతులకు తగలడం ఇప్పటికీ తెలుస్తుంది. నల్లటి నాపరాయిని మంచంమీద ఒళ్ళోకి తీసుకుని, కుంచెతో, అంచులు కూడా వదలకుండా, ఆగి ఆగి తెల్లగా పూసింది. చివర కుంచె పక్కన పెట్టి అరచేతితో ఒకసారి నిమిరింది. మర్నాడు ఆ రాయి ముందు నేను చేమంతులు పెట్టాను, తాతయ్య ఆముదం వత్తి వెలిగించాడు. కిరసనాయిలైనా లేని ఆ రోజుల్లో ఆ చుక్క ఆముదం అమ్మ ఎక్కడ దాచి ఉంచిందో! ఉపదేశిగారు దొడ్డినుంచి తిరిగి వస్తూ గుమ్మం దగ్గర ఆగారు. రాయిని చూశారు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మోకరించి, చనిపోయినవారి జపం మొదలుపెట్టారు. ఆయన జపంలో తన భర్త పేరు పలకడం అవ్వ విన్నది. పండుగ వెళ్ళిన వారంలోనే ఆమె కన్నుమూసింది.

ఆమెను పూడ్చిన రోజు ఉపదేశిగారే ఆ రాయిని తన భుజంమీద మోసుకువచ్చి ఆమె తలవైపు నిలబెట్టించారు. ఆ తరవాత వచ్చిన మొదటి వానకు తెలుపంతా కరిగి ఆమెమీదికే కారిపోయింది. నేను చూసి ఏడిస్తే, వాళ్ళ మన్ను వాళ్ళలో కలిసిందిలే అన్నాడు తాతయ్య. ఆ తరవాత ఆయన ఎప్పుడూ పాఠం చెప్పలేదు. గోడలో ఆ రాయి తీసిన సందును మేము పూడ్చలేదు.

అవ్వకు బిడ్డలు లేరు గనుక, ఆ రాయికి సున్నం కొట్టే వంతు నాదయింది. పొరుగువాళ్ళు చేయకూడదనే నియమాన్ని నా విషయంలో ఎవరూ ఎత్తలేదు. పెళ్ళయి నరసరావుపేట వచ్చాక కూడా పండుగకు ముందురోజు ఊరు వెళ్ళడం మానలేదు. అవ్వ, ఆమె భర్త, తాతయ్య పేర్లు చెప్పుకున్నాక, పేరు తెలియని ఆ ముసలామెను కూడా తలుచుకుంటాను. ఆ యుద్ధానికి ఆ పల్లె మళ్ళీ పడిందో, నిలిచిందో నాకు తెలియదు. ఆమె సమాధికి సున్నం కొట్టేవాళ్ళు ఉన్నారో లేరో తెలియదు. మాకు తన ఊరినంతా ఇచ్చిన మనిషికి మేము ఇవ్వగలిగింది ఈ ఒక్క జపమే.

సున్నం ఆరేలోపు పక్కనే కూర్చుని మనవరాలికి రాళ్ళు పేర్చి చూపిస్తాను. ఏరు, మర, చాకిరేవు, వంతెన, వంతెన దాటాక మలుపులో ఒక రాయి. చెవుడు వచ్చినట్టు ఎందుకలా అరుస్తావు నాయనమ్మా అని అది నవ్వుతుంది. నాకు అలా గట్టిగా చెప్పడమే వచ్చు. గోడ అవతల ఎవరు వీపు ఆనించి కూర్చున్నారో మనకేం తెలుసు?